ఈ ఉమ్మి ఎవరిది?

కంచంలో సగం రొట్టె అలాగే ఉండిపోయింది. అత్తయ్య గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగేసి కుట్టు మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

"కారం ఎక్కువైందా అత్తయ్యా?" వంటగది గుమ్మంలో నిలబడి అడిగింది కోడలు.

"బాగానే ఉందమ్మా. ఆకలి లేదంతే."

"నిన్నా లేదు, మొన్నా లేదు."

"ఆకలి నన్నడిగి వస్తుందా ఏంటి?"

మిషన్ చప్పుడు మొదలైంది. ఇక మాట్లాడేదేమీ లేదన్నమాట.

కోడలి మనసు చివుక్కుమంది. పెళ్ళైన కొత్తలో పూటలకి పూటలు కబుర్లు చెప్పిన మనిషేనా ఈవిడ? ఈ మధ్య తను వండింది ముట్టదు. పలకరిస్తే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. తన భర్త డ్యూటీ మీద ఊరెళ్ళాక మరీను. తన వల్ల ఏం తప్పు జరిగిందో ఎంత ఆలోచించినా అంతుబట్టడం లేదు.

ఆమె పళ్ళ ఆసుపత్రి ల్యాబ్‌లో ఉమ్మి పరీక్షలు చేస్తుంది. సూది గుచ్చే పని లేదు. చిన్న సీసాలో ఉమ్మి పట్టిస్తే చాలు, చిగుళ్ళ జబ్బు తెచ్చే క్రిములు, పొగాకు వాడకం, ఒంట్లో కొన్ని హార్మోన్ల హెచ్చుతగ్గులు బయటపడతాయి. అత్తయ్య సరిగ్గా తినడం లేదు కదా అని ముందురోజే ఒక సీసా చేతికిచ్చి, పొద్దున్నే పరగడుపున నింపమంది.

"సీసా నింపారా అత్తయ్యా?"

"కిటికీలో పెట్టాను, పట్టుకెళ్ళు."

పక్క కుర్చీలో మావయ్య పేపరును ఇంకాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. కోడలు అది గమనించలేదు.

ల్యాబ్‌లో ఆ సీసా గుట్టు విప్పింది. పొగాకును పట్టిచ్చే పరీక్ష పట్టీ రంగు మారింది! కోడలు నమ్మలేక మళ్ళీ చేసింది. మళ్ళీ అదే రంగు.

సాయంత్రం చెప్పులు విడవకుండానే అడిగేసింది. "అత్తయ్యా, మీరు సిగరెట్లు తాగుతున్నారా?"

మిషన్ ఠక్కున ఆగింది. "ఏమన్నావ్?"

"నేననలేదు. మీ ఉమ్మి అంటోంది."

"అయితే మీ ల్యాబ్‌కి పిచ్చెక్కింది!"

"రెండుసార్లు చేశాను. నా దగ్గర దాచడమెందుకు? తిండి మానేసింది ఇందుకేనా?"

అత్తయ్య మెల్లగా తల తిప్పి భర్త వైపు చూసింది. మావయ్య అప్పటికే కుర్చీలోంచి లేచాడు.

"మొక్కలకి నీళ్ళు పోసొస్తా."

"కూర్చోండి!" ఇల్లు అదిరిపోయింది. "ఎప్పుడో మానేశానన్నారు! నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేశారు! అంటే నేను పోయినా పర్లేదన్నమాట!"

"నువ్వేగదే సీసా నింపిపెట్టమంది?" మావయ్య నసిగాడు. "నా ఉమ్మి నీ పేరు మీద వెళ్ళింది. నా సిగరెట్టూ నీ పేరు మీదకే వచ్చింది."

కోడలికి నవ్వు రాలేదు. "మీ సీసా మావయ్యతో నింపించారా? ఎందుకత్తయ్యా?"

"నా నోట్లోంచి చుక్క రాలేదమ్మా." అత్తయ్య మిషన్ మీంచి గుడ్డ తీసి పక్కన పెట్టింది. "నోరంతా పొడి. మాట్లాడితే నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది, నీళ్ళు లేందే ముద్ద దిగదు. బుగ్గ లోపల తెల్లగా మచ్చొచ్చింది. మా అక్కకీ మచ్చతోనే మొదలైంది. క్యాన్సరని తెలిశాక బెంగతోనే సగం చచ్చిపోయింది. నాకు తెలియకుండా ఎన్నాళ్ళు గడిస్తే అన్నాళ్ళు గడవనీ అనుకున్నాను."

కోడలు అక్కడే నేలమీద చతికిలబడి అత్తయ్య మోకాళ్ళు పట్టుకుంది. "నా వంట నచ్చట్లేదనుకున్నాను. నేనే నచ్చట్లేదనుకున్నాను."

"పిచ్చిపిల్లా!"

మర్నాడు ముగ్గురూ పళ్ళ డాక్టరమ్మ గదిలో ఉన్నారు. అత్తయ్య కుర్చీ ఎక్కి నోరు తెరిచింది. డాక్టరమ్మ దీపం దగ్గరికి లాక్కుని, చిన్న పలచటి నూలుగుడ్డతో బుగ్గ లోపల రుద్దింది.

తెల్లమచ్చ గుడ్డకు అంటుకుని వచ్చేసింది!

"రోజూ ఏవైనా మాత్రలు వేసుకుంటారా?" డాక్టరమ్మ అడిగింది.

"మందులేం లేవండీ. గుడ్డల నూగుకి తుమ్ములొస్తాయని షాపులో అడిగి ఓ మాత్ర తెచ్చుకుంటాను. ఈ మధ్య పూటకొకటి మింగుతున్నాను. అదీ ఒక మందేనా?"

"మందే కాదు, దొంగ కూడా. మీ ఉమ్మినంతా ఎత్తుకుపోయింది. నోరు తడిలేక ఫంగస్ పట్టింది, అందుకే మచ్చ తుడిస్తే వచ్చేసింది. మీ కోడలికి సీసా ఖాళీగా ఇచ్చుంటే నిన్ననే పట్టేసేది. ఉమ్మి రాకపోవడం కూడా పరీక్షలో భాగమేనమ్మా." డాక్టరమ్మ నవ్వింది. "క్యాన్సర్ లక్షణాలేం కనబడట్లేదు. ఫంగస్‌కి మందిస్తాను, తుమ్ముల మాత్ర మారుస్తాను. తగ్గాక ఒకసారి చూపించండి, సరేనా?"

అత్తయ్య కుర్చీ దిగి కోడలి భుజం మీద తల పెట్టి భోరుమంది. కోడలు ఆవిడ వీపు నిమురుతూ తనూ ఏడ్చేసింది.

ఉన్నట్టుండి అత్తయ్య కళ్ళు తుడుచుకుని భర్త చెయ్యి పట్టి కుర్చీ వైపు లాగింది.

"డాక్టరమ్మా, ఈయన నోరు కూడా చూడండి."

"నాకేమైందే?"

"ఏమీ కాలేదని ఆవిణ్ణి చెప్పనివ్వండి. మీకేదైనా అయితే నేనెవరితో పోట్లాడాలి?" గదమాయిస్తూనే ఉంది కానీ, పట్టిన చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ చిగుళ్ళూ నాలుకా అన్నీ చూసింది. "అదృష్టవంతులు, ప్రస్తుతానికి బాగానే ఉంది. ఇక సిగరెట్ జోలికి వెళ్ళారో..."

మావయ్య వంగాడు. మేజోడు లోపల వేళ్ళు పెట్టి, నలిగిపోయిన పెట్టె బయటికి తీసి భార్య చేతిలో పెట్టాడు.

అత్తయ్య పెట్టెను చూసింది, మేజోడును చూసింది. చెంపల మీద కన్నీళ్ళు ఆరకముందే పకపకా నవ్వింది.