గాజుల డబ్బాలో నత్తలు

లాడ్ బజార్‌కు వచ్చి గాజులు వద్దు, డబ్బాలు చాలు అన్న మొదటి మనిషి తనూజే అయ్యుంటుంది.

“మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు నలభై కావాలె భయ్యా. ఖాళీవే.”

అనురాగ్ తన నాన్న రామ్‌చందర్ నడిపే ఈ గాజుల దుకాణంలోనే పెరిగాడు. ఎవరి చేతికి ఏ సైజో దూరం నుంచే చెప్పేస్తాడు. ఈ బేరం మాత్రం అంతుపట్టలేదు.

“వీట్ల ఏం పెడ్తరు మేడమ్?”

“నత్తలు.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆమె జల్‌పల్లిలో పాల వ్యాపారం చేసే ఇంటి పిల్ల. జువాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. గోధుమరంగు నత్తలకు పసుపు పిల్లలు ఎందుకు పుడతాయన్నది ఆమె పరిశోధన. ఇంటి పైకప్పు రేకులది కావడంతో వేడికి నత్తలు బతకడం లేదట. అది విని, దుకాణం వెనక రాతిగోడల గోదాం చల్లగా ఉంటుందని అనురాగ్ నోరు జారాడు.

అలా నత్తలు గోదాంలో కాపురం పెట్టాయి. శనివారం శనివారం తనూజ దోసకాయ ముక్కలు, గుడ్డుపెంకుల పొడి తెచ్చేది. శనివారాలు అనురాగ్ చొక్కా ఇస్త్రీగా ఉండేది. ఎందుకో నాన్న అడగలేదు గానీ, చూస్తూనే ఉన్నాడు.

ఏడాది తిరిగేసరికి పిల్లనత్తలకు రంగులు తేలాయి. అప్పుడే తనూజ సెమినార్ అంటూ రెండు వారాలు రాలేదు. వచ్చేసరికి ఆమెను సంతోషపెట్టాలని అనురాగ్ డబ్బాలన్నీ కడిగి, పాత చీటీలు పీకేసి, నత్తలను చక్కగా సర్దాడు. పసుపుతో పసుపు, గోధుమతో గోధుమ. గాజుల వాడికి సర్దడమంటే అదే మరి.

తనూజ వచ్చి ఒక్కో మూతా తీసి చూసింది.

“ఒక్కో డబ్బా ఒక్కో జంట పిల్లలది” అంది. “రంగు నాక్కూడా కనబడ్తది. ఏ రంగు ఎవరికి పుట్టిందో తెల్వాలె. ఇప్పుడెట్ల తెలుస్తది?”

పగిలిన గాజు ముక్కను బట్టి దాని జత వెతికి పెట్టేవాడినని, నత్తలనూ అలాగే షేడ్ చూసి కలుపుతానని అతను బతిమాలాడు. థీసిస్‌లో అందాజుగా రాయలేనంది ఆమె. తిడితే బాగుండేది. ఆమె కళ్లనిండా నీళ్లు. ఏడాది కష్టం పోయింది, పోగొట్టింది తను. అనురాగ్‌కు ఆ రాత్రి అన్నం దిగలేదు.

మర్నాడు నలభై కొత్త డబ్బాలతో జల్‌పల్లి వెళ్లాడు. మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ఈసారి రంగు జోలికి పోనని, రోజూ చీటీలు తనే రాస్తానని ఒట్టేశాడు. ఆమె ఒక్క డబ్బా తీసుకుని మూత తిప్పి చూసింది. సరే అంది. భయ్యా అనడం మానేసింది.

అదే గోదాంలో మళ్లీ పిల్లనత్తలు. మళ్లీ పెంపకం. పెద్దయ్యాక రెండేసి కలిపి పెట్టారు. రెండో వానాకాలం వచ్చాక ఇరవై రెండో డబ్బా చూసి అనురాగ్ ఫోన్ చేశాడు. తనూజ తడుస్తూనే వచ్చింది. జంట రెండూ గోధుమరంగే. పిల్లల్లో మూడు పసుపు.

“పసుపు రెండిట్ల లోపల ఉన్నది. బయటికి కనబడలే, గంతే” అంది.

“ఒక్కదాంట్లనే ఉంటే?”

“బయటపడదు. పిల్లల్ల పసుపు రావాలంటే రెండిట్ల ఉండాలె.”

అనురాగ్ మూత జాగ్రత్తగా పెట్టాడు. “నాలనైతే ఉన్నది తనూజా. మస్తు దినాలసంది. నీల ఉందో లేదో తెల్వక అడగలే.”

బయట వాన దుకాణాల ముందరి రేకుల మీద దంచుతోంది.

“కాలేజీల ఏసీ రూమ్ ఇచ్చి ఆర్నెల్లయింది” అంది తనూజ. “నత్తలను ఇంకా ఈడ్నే ఎందుకుంచిన అనుకున్నవ్?”

ఎప్పుడూ గాజుల్లేని చెయ్యి ముందుకు చాపి, సైజు చెప్పమంది. దూరం నుంచి చూసి చెప్పేవాడికి ఆ రోజు ఏమీ తోచలేదు. చెయ్యి పట్టుకుని చూడాల్సి వచ్చింది.