పార్సిల్ ఎవలికి?

"ఆ మోకాలు బరువు మోసేటప్పుడు మల్ల పట్టు తప్పితె ఎట్లరా కొడుకా? ఆ పరాయి దేశంల నిన్ను ఎవలు లేపుతరు?"

నా కొడుకు జగదీశ్ ఇననట్టే డబ్బకు తాడు కడుతుండు. తెల్లారితె మస్కట్ ప్రయాణం. ఒకప్పుడు ఆడు కబడ్డీల కూతకు పోయిండంటె కోరుట్ల మొత్తం నిలవడి చూసేది. స్టేట్ టీంల పేరొచ్చిన యాడాదే మోకాలుల నరం తెగింది. ఆపరేషన్ అయినా మునుపటి ఉరుకుడు రాలె. గప్పటి సంది ఆట ముచ్చటే ఎత్తడు.

మా దిక్కు ఎవలన్న గల్ఫుకు పోతున్నరంటె చుట్టుపక్కలోళ్లు పార్సిళ్లు తెస్తరు. అక్కడున్న మొగనికి మామిడికాయ తొక్కు, కొడుక్కు మందు గోలీలు. దేవమ్మ, సారక్క ఇచ్చిపోయిన్రు. పొద్దూకంగ వాన తుంపర్లల ఓ పిల్ల స్కూటీ మీద అచ్చింది. పేరు సృజన, సిరిసిల్ల అట. చేతిల చిన్న పార్సిల్.

గింత చిన్న వయసుల మొగడు దూరమాయెనని నా పానం కలుక్కుమన్నది. కూసోబెట్టి చాయ్ ఇచ్చిన. మీ ఆయన ఏ క్యాంపుల ఉంటడు, ఫోన్ చేస్తడా, సరిగ తింటడా అని అడిగిన. ఆ పిల్ల చాయ్ గ్లాసు ఎనుక నవ్వు దాసుకుంటుంది. నా కొడుకు ముడి మీద ముడి ఏస్తనే ఉన్నడు.

"నాకింక పెండ్లి కాలేదు అత్తమ్మా. పార్సిల్ ఈయనకే."

ఇప్పి చూస్తె మోకాలుకు తొడిగే పట్టీ.

అప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఓ బడిల ఆటల టీచర్. ఓ మ్యాచ్‌ల స్కోర్ రాసుకుంట ఈని పాయింట్ కోసేసిందట, ఈడు గ్రౌండ్ అంత ఇనేటట్టు కొట్లాడిండట. తెల్లారి సారీ చెప్పనీకి ఈడు చేసిన ఫోన్ యాడాది దాక ఆగలేదట. మోకాలు పోయినంక మాత్రం ఫోన్ ఎత్తుడే బంద్ చేసిండట, మస్కట్ పోతుండని ఎవలో చెప్తె ఆ పిల్లనే అచ్చిందట. నాకు ఒక్క ముక్కన్న చెప్పిండా ఈడు?

సృజన లేసి ఆని ముంగట నిలవడ్డది.

"నేను నువ్వు గెలిచిన కప్పులను చూసి రాలె, నిన్ను చూసి అచ్చిన. మా బడి పిల్లలకు కబడ్డీ నేర్పెటోళ్లు లేరు. ఉంటవా, పోతవా?"

ఆడు పోత అంటె ఆ దేశంల ఏమైతదోనని నా బుగులు. ఉంట అంటె ఆ బడి జీతంతోని ఇల్లు ఎట్ల ఎల్లుతదోనని ఇంకో బుగులు. చాయ్ మీద మీగడ కట్టింది. వాన నిలిచింది. ఆ పిల్ల మాత్రం కదలలె.

నా కొడుకు తాడు ఇడిసిపెట్టిండు.

"బడి పొద్దుగాల ఎన్నింటికి?"