నాలుగో స్తంభం మీది గీతలు

లండన్ గోడ అవతల పొలంలో కట్టిన కొత్త నాటకశాలలో తూర్పు గ్యాలరీ కూలి రోలండ్ అనే నటుడు చనిపోయాడు. కట్టిన వడ్రంగి హ్యూ టానర్. పుచ్చిన కర్ర వాడాడని అతన్ని జైల్లో పెట్టారు. సోమవారం ఉరి.

అతని భార్య జోన్ బురద కాళ్లతోనే అపరాధ పరిశోధకుడు పైక్ ఇంటికి వచ్చింది.

"పుచ్చు కర్రని మా ఆయన ముట్టుకోనైనా ముట్టుకోడయ్యా. విరిగిన ఆ నాలుగో స్తంభం ఎత్తిన రోజు జ్వరంతో పడుకున్నాడు. కూలీలే ఎత్తారు."

పైక్, సహాయకుడు క్రిస్పిన్ శిథిలాలు చూశారు. హ్యూ దూలాలన్నీ తన దొడ్లోనే కోసి, అంకెలు చెక్కి, బళ్లమీద తెచ్చి ఇక్కడ అమర్చేవాడు. విరిగిన స్తంభం మీద ఒక నిలువుగీత, పక్కనే పైకి విచ్చుకున్న రెండు గీతలు: రోమన్ అంకెల్లో నాలుగు. పైక్ వంగి వాసన చూశాడు. కర్ర పులిసిన బీరు కంపు కొట్టింది.

మొన్నటిదాకా నాటకాలు, కోల్ అనే అతను బీరు అమ్మే సత్రం వాకిట్లోనే ఆడేవారు. ఇప్పుడది బోసిగా ఉంది. పైక్ బీరు కొనే నెపంతో వెళ్తే, కోల్ వాళ్లని నేలమాళిగలోకి దింపాడు.

"నాటకాలకి వేరే ఇల్లు కావాలట. దేవుడికి గిట్టలేదు చూశారా?" అని నవ్వాడు.

పీపాల మీద అతను సుద్దతో వేసిన అంకెలున్నాయి. పైక్ నాలుగో పీపా ముందు ఆగాడు. దాని మీదా శిథిలాల్లో చూసిన గుర్తే. కప్పు మోసే నల్లబడ్డ స్తంభాల మధ్య ఒకటి మాత్రం కొత్త కర్రలా తెల్లగా ఉందని క్రిస్పిన్ మెల్లగా చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం న్యాయాధికారిని, కోల్‌ని, హ్యూ తోటి వడ్రంగి వాట్‌ని పైక్ శిథిలాల దగ్గరికి పిలిపించాడు. వాట్‌కి ఉలి ఇచ్చి నాలుగు చెక్కమన్నాడు. వాట్ నాలుగు నిలువుగీతలు చెక్కాడు. విరిగిన స్తంభం మీది గుర్తు చూపించి, అలా ఎందుకు చెక్కలేదని అడిగాడు పైక్.

"దూలం తిరగేస్తే అది ఆరవుతుంది కదయ్యా. మాలో ఎవడూ అలా చెక్కడు."

పైక్ సత్రం యజమాని వైపు తిరిగాడు.

"మీ పీపాల్ని ఎవరూ తిరగేయరు కోల్ గారూ. అందుకే మీకా సంగతి తెలియదు. హ్యూ మంచంలో ఉన్నప్పుడు, పొలంలో పడుకోబెట్టిన స్తంభం తీసి, మీ పాత స్తంభం మీద మీకు తెలిసినట్టు నాలుగు చెక్కి పెట్టించారు. మీ కప్పు నిలవాలి గనక హ్యూ స్తంభం మీ నేలమాళిగలో నిలబెట్టారు. దాని మీద నాలుగు నిలువుగీతలుంటాయి. వెళ్లి చూద్దామా?"



"ఎవరూ లేనప్పుడు కూలుతుందనుకున్నా" అన్నాడు కోల్. "నా వాకిలి మళ్లీ నిండుతుందనుకున్నా."

న్యాయాధికారి విడుదల కాగితం రాశాడు. జోన్ దాన్ని పట్టుకుని జైలుకి వెళ్లింది. ఆ ఉదయమే జైలు జ్వరంతో హ్యూ పోయాడని కాపలావాడు చెప్పాడు.

నాటకశాల తూర్పు వైపు ఇంకా తెరిచే ఉంది. హ్యూ కోసిన నాలుగో స్తంభం కోల్ నేలమాళిగలోనే ఉంది. దాన్ని తెచ్చి నిలబెట్టాల్సి ఉంది.