తలుపు దగ్గర ఖాళీ

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో ఆమె ఒక్కతే. కిటికీల్లేని గది, కంప్యూటర్ల హోరు. గాలిలో పొడి అంటుకుని పేలితే ఆ అదురు ఎలా పరిగెత్తుతుందో, రేణువుల్ని ఎటు ఈడ్చుకుపోతుందో లెక్కగట్టి తెర మీద చూపించడం ఆమె పని. ఈసారి లెక్క అన్నయ్య పోయిన పిండి ఫ్యాక్టరీది.

పిండి మర ఉన్న గదిలో మంట లేవగానే అన్నయ్య తలుపు బార్లా వదిలేసి పారిపోబోయాడని, అందుకే ఈవలి గదిలో అంతమంది పోయారని యాజమాన్యం తేల్చేసింది. వదిన బయటికి రావడమే మానేసింది. "నువ్వయినా నిజం తేల్చు," అంది.

లెక్క నడిపింది. ఈవలి గదిలో, తలుపు దగ్గర, పొడి దేన్నో తప్పుకుని పోతోంది. అక్కడ ఆమె ఏమీ పెట్టలేదు. తప్పెక్కడో దొర్లిందనుకుని, లెక్క కోసం గదిని విడగొట్టిన గళ్ళు ఇంకా చిన్నవి చేసి మళ్ళీ నడిపింది.

ఆ ఖాళీకి భుజాలొచ్చాయి. ఎడమది కాస్త వాలి ఉంది, అన్నయ్యకున్నట్టే. రెండు చేతులూ తలుపుని అదిమి పట్టాయి. పారిపోలేదు! ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో అదురు వచ్చి తలుపుని, ఖాళీని కలిపి నలిపేసింది. అన్నయ్యని తనే మళ్ళీ చంపినట్టనిపించింది.

సాక్ష్యంగా భద్రపరచడానికి ఇంకొక్కసారి నడిపింది. తొందరలో ఒకటి తప్పు కొట్టింది. తెరకి తన వైపున్న అంచుని గోడ అనాల్సింది, తెరిచి ఉందని పెట్టేసింది. అలా పెడితే అటు వచ్చిందల్లా లెక్క దాటి బయటికి పోతుంది.

ఆ ఖాళీ తలుపుని వదిలింది. ఇటు తిరిగింది. పెద్దదవుతూ... ఇంకా పెద్దదవుతూ... అంచు దాటింది.

తెర మీద లేదు.

గదిలో మాడిన పిండి వాసన.

"అన్నయ్యా..." అంటూ వెనక్కి తిరిగి చూసింది.

ఫోన్ మోగింది. "ఏమైనా తెలిసిందా?" అంది వదిన.

"తలుపు వదల్లేదు వదినా. చివరిదాకా పట్టుకునే ఉన్నాడు. వచ్చి చెప్తాను."

లేచి గది తలుపు లాగింది. గడియ లేదు, తాళం లేదు. అయినా రాలేదు. లోపలివైపు చెక్క మీద తెల్లటి పిండి అరచేతులు రెండు. ఎడమది కాస్త కిందుగా.

వరండా చివర ఏదో తలుపు దబ్బున తెరుచుకుంది. తర్వాత దాని ఇవతలిది. ఆ తర్వాత... ఇంకా ఇవతలిది. తెర మీద అదురు పరిగెత్తినట్టే.

ఆమె చూస్తుండగానే అరచేతుల గుర్తులు, ఎవరో బలమంతా పెట్టి అదిమినట్టు, వెడల్పయ్యాయి.