నిబ్బరదీపం

వెన్నెలవాడలో పెద్దను ఎవరూ ముఖం చూసి పలకరించరు. ముందు ఆమె ఛాతీ మీది దీపం చూస్తారు.

చంద్రుడి నేల కింద కట్టిన ఆ ఊరికి, నాయకులను గుడ్డిగా నమ్మి మోసపోకుండా, డాక్టర్ ఫణిభూషణం చేసిపెట్టిన యంత్రమది. పేరు నిబ్బరదీపం. లోపలి న్యూరల్ సెన్సర్ మనసులోని సందేహాన్ని, భయాన్ని పట్టేస్తుంది. నిబ్బరంగా ఉంటే పచ్చన, లేకపోతే ఎరుపు. ఎర్రదీపంతో ఇచ్చిన ఆర్డర్ ఎవరూ పాటించనక్కర్లేదని రూలు.

పాత పెద్ద జబ్బుచేసి భూమికి వెళ్ళిపోతే, సుభాషిణిని పెద్దను చేసి దీపాన్ని ఆమె మెడకు తగిలించారు. అదేం ఖర్మో, ఆ రోజు నుంచీ ఎరుపే. మెస్సులో ఆమె కూర్చుంటే పక్కవాళ్ళకు ముద్ద దిగేది కాదు. అందుకని కంచం గదికి తెచ్చుకుని ఒంటరిగా తినేది.

ఒక రోజు, ఊరికి నీళ్ళిచ్చే మంచుగని గోడల్లో సన్నటి వణుకు కంట్రోల్ రూము తెరమీద కనబడింది. ప్రమాదం లేదంది కంప్యూటర్. సుభాషిణి ఆగలేక మైకు అందుకుంది. గనిలో ఉన్నవాళ్ళలో ఆమె కూతురు అవని కూడా ఉంది.

"యాదగిరీ, అందరూ పైకి వచ్చేయండి."

"దీపం ఏ రంగుందక్కా?" అన్నాడు మేస్త్రీ.

"ఎరుపే."

"మరింక చెల్లదు గదా! ట్యాంకు నిండనీ."

"నేను స్నానానికెళ్ళినా మా అమ్మకు ఎర్రగానే వెలుగుతుంది యాదన్నా!" అంది అవని. అందరూ నవ్వారు.

పక్కనే ఉన్న ఫణిభూషణం గొంతు తగ్గించాడు. "ఒక్క వైరు పీకితే పచ్చబడుతుంది మేడమ్. ఎవరికీ తెలియదు."

"వద్దండీ. రేపు ఇంకొకరు పీకుతారు. ఆ తర్వాత ఎవరు ఎవరిని నమ్మాలి?"

స్పేస్ సూటు తొడుక్కుని ఆమే గనిలోకి దిగింది.

"మళ్ళీ ఆర్డరా అక్కా?"

"కాదయ్యా. ఏమీ జరగకపోవచ్చు, నాకు తెలియదు. పైన ఉండబుద్ధి కాలేదు. మీ పని అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటా."

"పెద్దవయ్యుండి ఈడ కూసుంటే ఊరెవరు చూస్తరు? నడువు, దిగబెడతం!"

గొణుక్కుంటూ పనిముట్లు వదిలి, ఆమెను పైకి దిగబెట్టడానికే అందరూ కదిలారు. చివరి మనిషి గడప దాటాడో లేదో, వెనక గని కప్పు కూలింది.

ఆ వారమే సభ పెట్టి రూలు మార్చారు. ఇకనుంచి ఎర్రదీపం మాటే చెల్లుతుంది. మన కోసం భయపడేవాళ్ళే మన పెద్దలు. చప్పట్లు మోగిపోయాయి. పెద్దరికం మీద ఆశ ఉన్న ముగ్గురు అప్పుడే అద్దాల ముందు వణకడం నేర్చుకుంటున్నారు.

ఆ సాయంత్రం సుభాషిణి కంచంతో మెస్సుకు వెళ్ళింది. ఎదురుగా అవని క్షేమంగా కూర్చుని పప్పు కలుపుకుంటోంది. కడుపు నిండినట్టయింది ఆమెకు. మొదటిసారి దీపం పచ్చబడింది.

అందరి కళ్ళూ దీపం మీదకు మళ్ళాయి.

"మన మీద దిగులే లేదు సూడు," అన్నారెవరో. బల్ల దగ్గర ఎవరూ జరిగి చోటివ్వలేదు. అవని సగం లేచి, అటూ ఇటూ చూసి, మళ్ళీ కూర్చుంది.

సుభాషిణి గదికి వచ్చేసింది. రేపు నిజంగా ముప్పు వస్తే, పచ్చదీపం చూసి వీళ్ళు నా మాట వింటారా? ఆ ఊహ రాగానే దీపం ఎర్రబడింది. కంచం పట్టుకుని గబగబా గుమ్మం దాకా వెళ్ళింది. ఇప్పుడైతే జరిగి చోటిస్తారు, దీపానికి.

వెనక్కి వచ్చి కూర్చుంది. తువ్వాలుతో దాన్ని కప్పి, చల్లారిన అన్నం కలుపుకుంది.