నీలం దీపం కింది చేపలు

కొట్టు షట్టరు సగం ఎత్తాడో లేదో కూతురి దగ్గర్నుంచి ఫోను.

"నాన్నా, ఇంకోటి పోయింది. పెద్దది. తప్పు నాదేలే, మేత ఎక్కువ వేశాను. నువ్వేం కంగారుపడి రావద్దు."

ముప్పై ఏళ్లుగా అద్దాల తొట్లలో చేపలు పెట్టి అమ్ముతున్న ఆ తండ్రికి అక్కడే అనుమానం తగిలింది. అడక్కముందే తప్పు ఒప్పుకునే మనిషి ఏదో దాస్తున్నట్టే లెక్క. పైగా ఏడేళ్ల వయసు నుంచీ ఈ కొట్లో చిటికెలతో కొలిచి మేత వేసిన పిల్ల. ఆ చెయ్యి తప్పదు.

పెళ్లయి మూడు నెలలైంది. మూడు వారాల కిందట కూతురు వచ్చి వెళ్తుంటే నాలుగు బంగారు చేపలు తనే కవరులో పట్టి ఇచ్చాడు. అత్తవారింట్లో అప్పటికే ఐదు పాత చేపలున్నాయి, కాలం చేసిన మామగారు పెంచినవి. అత్తగారు రోజూ వాటి ముందు కూర్చునే కాఫీ తాగుతుంది. ఆ ఐదింటిలో ఇప్పుడు మూడు లేవు. పోతున్నది చేపలు కాదు, ఆ ఇంట్లో తన కూతురి మాటకున్న విలువ.

'ఆ మహాతల్లే పిల్లను భయపెట్టి ఒప్పించి ఉంటుంది' అనుకుని షట్టరు మళ్లీ దించేశాడు.

వియ్యపురాలు తలుపు తీసింది.

"రండి అన్నయ్యగారూ. మీ సరుకు ఎలా ఉందో చూసుకుందామని వచ్చారా?"

"ఆ, చూసిపోదామనే చెల్లెమ్మగారూ. నీళ్లు ఎవరు మారుస్తున్నారు? ఫినాయిలు అంటిన చెయ్యేమైనా పడిందా తొట్టిలో?"

"అంటే నేను కలిపాననా?"

"అనలేదు. అడిగాను."

"అడగడంలోనే అన్నీ అనేశారు. ఆరేళ్లు బతికినవి మీ నాలుగూ వచ్చిన వారానికే ఎందుకు జబ్బు పడ్డాయి? మేత ఎక్కువైందంటోంది మీ అమ్మాయి. నాకు నమ్మకం లేదు. ఏదో దాస్తోంది. దాచే మనిషి చేతికి ఆయన పెంచుకున్నవి ఎలా వదలను? అందుకే తొట్టి ముట్టుకోవద్దన్నాను."

తన అనుమానమే ఆమెకూ వచ్చింది. ఆయన తొట్టి దగ్గర వంగాడు. ఉప్పు చల్లినట్టు రెక్కల మీద తెల్లచుక్కలు. ఒక చేప ఒళ్లు రాళ్లకేసి రుద్దుకుంటోంది. ఇది మేత వల్ల వచ్చే జబ్బు కాదు.

బాల్కనీలో కూతురు బట్టలు ఆరేస్తోంది.

"మేత మాట అబద్ధం కదూ?"

ఆమె చొక్కాకు క్లిప్పు పెట్టింది. "ఏ తొట్టిలోంచి పట్టావు నాన్నా?"

"ముందువరసలోంచి. మంచివన్నీ అక్కడేగా..."

ఆయన మాట అక్కడే ఆగింది.

ముందువరస తొట్లలో ఎప్పుడూ నీలం మందు కొంచెం కలిపి ఉంటుంది. అది జబ్బును నయం చేయదు, అణచిపెడుతుంది. పైన నీలం దీపాలు వెలుగుతుంటే నీళ్ల రంగు తెలియదు, చేపలు మెరుస్తాయి. మంచినీళ్లలోకి వెళ్లిన వారానికి జబ్బు బయటపడుతుంది, పక్కనున్న చేపలకూ అంటుకుంటుంది. సొంతమనిషికి ఇచ్చేటప్పుడు వెనకగదిలో ఇరవై రోజులు మామూలు నీళ్లలో ఉంచినవే ఇవ్వాలి. అలవాటు పడిన చెయ్యి ముందువరసలోకే వెళ్లింది.

"ఎవరైనా తిరిగొచ్చి గొడవపడితే నువ్వేమంటావో నేనూ అదే చెప్పాను" అంది కూతురు. "మేత ఎక్కువ వేసుంటారు అంటావుగా. నిజం చెబితే మా నాన్న ఇలాంటి వ్యాపారి అని నా నోటితో చెప్పినట్టవుతుంది. నన్ను మొద్దనుకుంటే అనుకోనీ."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తరువాత హాల్లోకి వెళ్లి, కూర్చోకుండానే జరిగిందంతా చెప్పాడు.

వియ్యపురాలు తొట్టి వైపు చూసింది.

"ఈ ముక్క మొదటిరోజే తెలిస్తే ఆ మూడూ దక్కేవా?"

'దక్కేవి కావు' అంటే కాదనే మనిషి అక్కడ ఎవరూ లేరు.

"రెండైనా దక్కేవి" అన్నాడు.

ఆమె కోడలి వైపు తిరిగింది. "పది రోజులు నా ఎదుట దొంగలా తిరిగావు. నాతో చెప్పొచ్చుగా?"

"మీరు వాటిని చూసి ఏడుస్తుంటే నోరు రాలేదత్తయ్యా."

"మిగిలినవాటిని బతికించగలవా?"

"గలను."

"అయితే ఇంకా నిలబడ్డావేం? రా ఇటు." ఆమె తన కుర్చీ పక్కకు లాగి తొట్టి దగ్గర చోటిచ్చింది. తరువాత ఆయనతో నెమ్మదిగా అంది, "మీ కొట్లో కొన్న చేపలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో అన్నయ్యగారూ. ఎన్ని ఇళ్లలో ఎవరెవరు ఇలా మాటలు పడ్డారో."

ఏ లెక్కయినా నోటితో చెప్పేసే మనిషికి ఆ లెక్క అందలేదు.

"నాన్నా, బకెట్టు పట్టు" అంది కూతురు కుర్తా చేతులు పైకి మడుచుకుంటూ. "సగం నీళ్లు తీయాలి. నేను చాలన్నప్పుడే ఆపు."