ఏడుపు మెరక

ఏడుపు మెరక మీదుగా పాలబండి వాళ్ళు కూడా తెల్లారాకే వెళ్తారు. అంతకు ముందు వెళ్ళమంటే చుట్టూ తిరిగి ఇంకో దారిన పోతారు గానీ అటు మాత్రం రారు.

ఊరు దాటాక ఆ రోడ్డు దులిపిన దుప్పటిలా పైకి లేస్తూ, కిందికి జారుతూ పోతుంది. ఇటూ అటూ పొద్దుతిరుగుడు చేలు, గొర్రెలు మేసే బీళ్ళు. సైకిల్ తొక్కేవాళ్ళకి స్వర్గం లాంటి దారి. చిన్న చిన్న ఎత్తులన్నీ ఎక్కి దిగాక వస్తుంది ఆ మెరక. సగం ఎక్కేసరికి రోడ్డు ఒక్కసారిగా ఎడమకి విరుగుతుంది. ఆ మలుపులో తలుపుల్లేని పాడుబడ్డ ఇల్లు.

అక్కడ... చీకట్లో... వెళ్ళేవాళ్ళ వెనకాల ఎవరో ఏడుస్తారట. పెద్దగా కాదు. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చినట్టు.

ఎవరిదా ఏడుపు అంటే తలో మాటా చెబుతారు. గొర్రెల కాపరిదని ఒకరు, లారీ గుద్ది పోయిన మనిషిదని ఒకరు. ఆదివారం సైకిళ్ళ బృందం వాళ్ళు దానికి ఇంకో తోక తగిలించారు. ఆ దెయ్యానికి ఓర్వలేనితనం ఎక్కువట. జోరుగా ఎక్కేవాణ్ణి చూస్తేనే దానికి ఏడుపొస్తుందట. ఈడ్చుకుంటూ ఎక్కేవాళ్ళని అసలు పట్టించుకోదట.

ఈ తోకే అద్దాలాయన ప్రాణం మీదికి తెచ్చింది.

అద్దాలాయన అంటే బజారు మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. నలభై దాటి, పొట్ట చొక్కా గుండీలతో పోట్లాట మొదలుపెట్టాక రేసు సైకిల్ కొన్నాడు. పట్టుదల మనిషి. రెండేళ్ళు తిరిగేసరికి పొట్ట తగ్గింది, బృందంలో అందరికంటే ముందు మెరక ఎక్కేవాడు కూడా ఆయనే అయ్యాడు. ఆ మురిపెంలో, చూసి మెచ్చుకోవడానికి మనవాడొకడుంటే బాగుంటుందని, బామ్మర్దిని కూడా లాక్కొచ్చాడు.

కొరివితో తల గోక్కున్నట్టయింది.

బామ్మర్ది బడిలో ఆటల మాస్టారు. సన్నగా, పొడుగ్గా, పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్కాబావల ఇంటి మేడ మీద గదిలో ఉంటాడు. బృందంలో వాడికి తూనీగ అని పేరు పడిపోయింది. సీట్లోంచి లేవకుండా, నోరు తెరవకుండా, మెరక ఎక్కేసేవాడు. మొదటి నెలలోనే బావని దాటాడు. దాటుతూ, "మెల్లగా రా బావా," అన్నాడు కూడా. వాడు ప్రేమగానే అన్నాడు. బావకి మాత్రం అది చెవిలో సీసం పోసినట్టుంది. అప్పట్నుంచి ప్రతి వారం వాణ్ణి అందుకోబోయి, సగంలోనే ఊపిరైపోయి, అందరికంటే చివర్లో పైకి చేరేవాడు.

ఒక ఆదివారం, మసక వెలుతురు ఉండగానే అందరూ మెరక ఎక్కి పైన ఆయాసం తీర్చుకుంటున్నారు. మందుల షాపాయన తూనీగ భుజం తట్టి అడిగాడు.

"ఏం మాస్టారూ... ఇవాళ వినిపించిందా?"

తూనీగ ఒక్క క్షణం తటపటాయించి నవ్వాడు. "వినిపించింది."

అంతే, అందరూ వాడి చుట్టూ మూగారు. ఎలా ఏడ్చింది, ఎక్కణ్ణుంచి ఏడ్చింది, ఆడా మగా... అప్పుడే అద్దాలాయన రొప్పుతూ పైకి చేరుకున్నాడు. ఎవరో ఆయన్నీ అడగబోతే మందుల షాపాయన అడ్డుపడ్డాడు.

"ఆయన్ని చూసి దెయ్యం ఏడవదండీ. జాలిపడుతుంది."

అందరూ నవ్వారు. అద్దాలాయనా నవ్వాడు. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా మొహానికి అతుక్కునే ఉంది.

ఇంట్లో పుండు మీద కారం.

"మా తమ్ముడి వెనకాల దెయ్యం ఏడ్చిందటగా," అంది భార్య, వాడికేదో పతకం వచ్చినట్టు.

"దెయ్యాలు ఏడవడం కూడా గొప్పేనా?"

"మీ వెనకాల ఎప్పుడైనా ఏడ్చిందా మరి?"

అద్దాలాయన స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. మనుషులు తనని చూసి ఏడవకపోతే పోనీ... దెయ్యం కూడా ఏడవదా?

ఆ రోజు నుంచి ఆయన మనిషి మనిషిలా లేడు. వంటింటి త్రాసు తెచ్చి సైకిల్ బోల్టులు తూచాడు. నీళ్ళ సీసా తూచాడు. బూట్ల తాళ్ళు కూడా తూస్తుంటే భార్య చూసి, "అదే చేత్తో మీరూ ఎక్కి కూర్చోండి, అసలు బరువు తెలుస్తుంది," అంది. రాత్రి భోజనం సగానికి తగ్గించాడు. దుకాణంలో గిరాకీ ముందే కుర్చీలో కూర్చుని గాల్లో పెడళ్ళు తొక్కేవాడు.

తూనీగ ఏం చేసినా ఆయన కళ్ళలో నిప్పులు పడేవి. ఈమధ్య వాడు, బాగా వెలుగొచ్చాకే బయల్దేరదామని పేచీ పెడుతున్నాడు. నలుగురూ సరేనన్నారు. 'పేరొచ్చేసరికి పొగరొచ్చింది. అందరూ వీడు నిద్ర లేచేదాకా కాచుకోవాలి కాబోలు,' అనుకున్నాడు బావ. మొన్నొకరోజు మేడ మెట్ల మీద పక్కనుంచి చెయ్యి ఊపితే వాడు చూడనట్టే దిగిపోయాడు. అదీ పొగరే అనుకున్నాడు.

చివరికి ఒక శనివారం, ఇంకా కోడి కూయకముందే, చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా గది దాటాడు. భార్య అటు తిరిగి పడుకుంది. సైకిల్ ముందు లైటు వేసుకుని ఊరు దాటాడు.

ఇవాళ ఎలాగైనా దాన్ని ఏడిపించాలి.

చంద్రుడు లేడు. చేలల్లో పొద్దుతిరుగుడు తలలన్నీ వంగి, ఎవరో వరసగా నిలబడి కింద దేనికోసమో వెతుకుతున్నట్టున్నాయి. లైటు వెలుగు రోడ్డు మీద చాపంత మేర పడుతోంది. దాని అవతల అంతా ఒకటే నలుపు. దిగుడులో చెవుల పక్క గాలి ఈల వేసింది. ఎక్కుడులో ఆ గాలీ ఆగిపోయి... గొలుసు చప్పుడూ, తన ఊపిరీ తప్ప ఇంకేమీ లేదు.

మెరక మొదలైంది.

సీట్లోంచి లేచాడు. తొడలు మండుతున్నాయి. గుండె గొంతులో కొట్టుకుంటోంది. జన్మలో అంత జోరుగా తొక్కలేదాయన. తూనీగ ఇక్కడే కదా నన్ను దాటింది... ఇక్కడే కదా మెల్లగా రమ్మన్నది...

అప్పుడు వినిపించింది.

సన్నగా. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు. ఆగి, ఆగి... ఎవరో ఏడుస్తున్నారు.

అద్దాలాయన ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. సంతోషంతో. ఏడ్చింది. నన్ను చూసే ఏడ్చింది. రేపు మందుల షాపాయన మొహం ఎలా ఉంటుందో...

ఇంకో నాలుగు తొక్కులు తొక్కాడో లేదో, ఆ సంతోషం కాస్తా చల్లబడింది.

ఏడుపు వెనకనుంచి రావట్లేదు.

ముందునుంచి వస్తోంది.

కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. మలుపులో, పాడింటి ముందు, నేల మీద ఎర్రటి చుక్క ఒకటి వెలుగుతూ ఆరుతోంది. వెనక్కి పారిపోదామంటే సైకిల్ తిప్పే సత్తువ లేదు. లైటు ఊడదీసి అటు వేశాడు.

కాలవలో పడున్న సైకిల్. ఆ ఎర్ర చుక్క దాని వెనక లైటు. ముందు చక్రం సొట్టబోయి ఉంది. ఇంటి మెట్ల మీద మోకాళ్ళలో తల పెట్టుకుని ఒక మనిషి.

"ఎవరది..." అన్నాడు అద్దాలాయన.

ఆ మనిషి తలెత్తాడు. మోచేతి మీద నెత్తురు.

"బావా? నువ్వేనా?"

తూనీగ.

అద్దాలాయన సైకిల్ అక్కడే వదిలేసి పరిగెత్తాడు. "ఏమైందిరా? చీకట్లో ఇక్కడేం చేస్తున్నావు?"

"మలుపు కనిపించలేదు బావా."

"ఈ మలుపు నీకేమన్నా కొత్తా?"

తూనీగ మెల్లగా, నేల వైపు చూస్తూ చెప్పాడు. "రేచీకటి. ఏడాదైంది. పొరుగూళ్ళో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను. ముందు రాత్రి చూపు పోతుందన్నాడు. తర్వాత పక్క చూపు. అది కూడా మొదలైంది... ఎంతవరకు పోయిందో చూసుకుందామని వచ్చాను ఇవాళ. చూసుకున్నాను."

అద్దాలాయన లైటు వెలుగులో చెయ్యి చాచి వాడి చెవి పక్కన వేళ్ళు ఆడించాడు. వాడు అటు తిరగలేదు. ఇంకాస్త ముందుకి తెచ్చాడు. తిరగలేదు. ఇంకా ముందుకి... అప్పుడు చూశాడు.

అద్దాలాయన చెయ్యి దించాడు. 'ఇంక వీడు తొక్కలేడు. ఇంక నేనే ముందు.' ఆ ఆలోచన వచ్చిందీ, పోయిందీ కూడా ఒక్క రెప్పపాటులోనే. కానీ వచ్చింది. తన మీద తనకే రోత పుట్టి అద్దాలాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఒకే ఇంట్లో ఉన్నాం. కళ్ళతోనే నా బతుకు. నాకు చెప్పవా?"

"నీకే చెప్పాలనిపించలేదు." తూనీగ ముక్కు తుడుచుకున్నాడు. "తిట్టుకోనంటే ఒకటి చెబుతాను. నిన్ను చూస్తే నాకు ఏడుపు బావా."

"నన్నా?"

"పదేళ్ళ తర్వాత కూడా నువ్వు ఆదివారం ఈ మెరక ఎక్కుతావు. చివర్లో ఎక్కుతావు, రొప్పుతూ ఎక్కుతావు... కానీ ఎక్కుతావు. ఇంటికెళ్తే అక్క వాకిట్లో కాచుకుని ఉంటుంది. నా వెనక నువ్వు రొప్పుతుంటే వింటూ అదే అనుకునేవాణ్ణి ప్రతి వారం. ఈ మనిషికేం తక్కువ అని."

అద్దాలాయన మెట్టు మీద వాడి పక్కన కూర్చున్నాడు. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి.

"మరి ఆ ఆదివారం నీ వెనకాల దెయ్యం ఏడ్చిందన్నావు?"

"ఏమీ ఏడవలేదు. అందరూ అంత ఆశగా అడుగుతుంటే కాదనలేక అన్నాను. ఇక్కడ నేనెప్పుడూ ఏమీ వినలేదు."

అద్దాలాయనకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. వంటింటి త్రాసులో బూట్ల తాళ్ళు తూచిన సంగతి బామ్మర్దికి చెప్పాడు. వాడు మోచెయ్యి పట్టుకుని, నొప్పికి మూలుగుతూనే, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ పాడింటి మెట్ల మీద ఎన్నాళ్ళకి నవ్వు వినిపించిందో.

"పద. మీ అక్క లేచేలోపు ఇంటికి పోదాం. పెద్దాసుపత్రిలో నాకు తెలిసిన డాక్టర్ ఉంది. సోమవారం ఇద్దరం వెళ్దాం."

"ఆవిడా అదే చెబుతుంది బావా."

"చెప్పనీ. ఇద్దరం విందాం."

వంకరపోయిన సైకిల్‌ని ఇంటి గోడకి ఆనించి, తనదాన్ని నడిపించుకుంటూ అద్దాలాయన ముందు కదిలాడు. హ్యాండిల్ మీద లైటు. వెనకాల తూనీగ, బావ భుజం మీద చెయ్యి వేసి, కుంటుకుంటూ. ఇన్నాళ్ళలో వాడు తన వెనక రావడం అదే మొదటిసారి. అద్దాలాయనకి అందులో ఏ గొప్పా కనిపించలేదు.

కొంత దూరం దిగారు. చేలు నిశ్శబ్దంగా ఉన్నాయి.

వెనకాల సన్నగా వెక్కిళ్ళు మొదలయ్యాయి.

పాపం, మళ్ళీ గుర్తొచ్చింది కాబోలు అనుకున్నాడు అద్దాలాయన. ఓదార్చబోతే ఇంకా ఎక్కువవుతుందని పలకరించలేదు. ఏడవనీ, బరువు దిగుతుంది. అలాగే నడిచాడు. వెక్కిళ్ళు తగ్గలేదు. కాసేపటికి ఉండబట్టలేక, తల తిప్పకుండానే మెల్లగా అన్నాడు.

"ఏడిస్తే ఏడువు గానీరా... చూసుకుని నడు. ముందు గుంట ఉంది."

భుజం మీద చెయ్యి బిగుసుకుంది.

"నేను ఏడవట్లేదు బావా," అన్నాడు తూనీగ, గుసగుసగా. "ఇందాకట్నుంచీ... నువ్వేననుకుంటున్నాను."

ఇద్దరూ ఆగారు.

ఏడుపు ఆగలేదు.